నాయిన నీళ్లలో వదిలిన గిటారు

మా నాయిన యోహాను సాక్ష్యం చెబితే ఏడవని సభ లేదు. అలంపూర్ వరదలో నాలుగేళ్ల నన్ను ఒక చేత్తో, తన బేస్ గిటారును ఇంకో చేత్తో పట్టుకుని మెడలోతు నీళ్లలో నిలబడ్డాడట. "రెంట్ల ఒకటే దక్కుతది యోహానూ" అని ప్రభువు చెవిలో చెప్పాడట. గిటారును వదిలేశాడట. అక్కడ ఆయన గొంతు పూడుకుపోతుంది. "బిడ్డా, కృపా" అని పిలుస్తాడు. నేను వేదికెక్కి నిలబడితే జనం నన్ను చూసి స్తోత్రం అంటారు.

ఇంట్లో సాక్ష్యం ఇంకో రకం. నర్సింగు చదువుతానంటే, "నీ కోసం పానమసొంటి గిటారును నీళ్లల్ల ఇడిసిన. ఇంకా ఏం తెమ్మంటవ్?" అని సీడుపత్తి చేలలో కూలికి పంపాడు. కూరలో ఉప్పెక్కువైనా అదే మాట. ఆ గిటారుకు బదులుగా మిగిలిన సామానును నేను. పిచ్చిదాన్ని, ఆయన మీదే జాలిపడేదాన్ని.

మొన్న ఇటిక్యాల సభ అయ్యాక జయపాల్ అనే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నాగర్‌కర్నూల్‌లో చర్చి బ్యాండులో వాయిస్తాడట. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, మీ నాయిన గిటారుకు తీగ బిగించే మర ఒకటి యేపకట్టెది అన్నడు గదా?"

అవును, సాక్ష్యంలో ఆ ముక్క ఉంది. ఇనుప మర విరిగిపోతే నాయిన తనే వేపకట్టె చెక్కి పెట్టుకున్నాడు.

"అది నా దగ్గరుందక్కా! వనపర్తిల పాత సామాన్ల దుకాణంల కొన్న. దాని కంపెనీ ఏందో ఫోన్ల ఎంత ఎతికినా దొరకలే. ఎవరిదో, ఏడికెల్లి వచ్చిందో అని పరేషానైతున్న. దేవుడే నీళ్లల్లకెల్లి తీసిండు. మీ నాయినకు చెప్దాం పా."

"జర ఆగు" అన్నాను. గిటారు తిరిగొస్తే నాకు విడుదలేనని సంతోషం పట్టలేకపోయాను. కానీ దాన్ని నీళ్లలోంచి తీసిన మనిషెవరో కనుక్కుని ముందు ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. ఇద్దరం గిటారు తీసుకుని వనపర్తి వెళ్లాం.

దుకాణం ముసలాయన లక్ష్మణ్ నా మాట విని నవ్వాడు. "నీళ్లల్లకెల్లా? ఎవరు చెప్పిండ్రమ్మా? వరదైనంక అలంపూర్కెల్లి వచ్చిన సామానంత బురదనే. ఇదొక్కటే రెగ్జిన్ సంచిల పొడిగుండె. అందుకే యాదికుంది. తెచ్చినాయన పొడుగ్గుండె, ఎడమ కనుబొమ్మ మీద గాటు. అమ్మినంక గూడ పోడు. నేను గోడకు తగిలిచ్చేదాంక ఏడ్సుకుంట నిలవడ్డడు. పేరు తెల్వని కంపెనీ అని ఇన్నేండ్లు ఎవరూ కొనలే."

నాయిన కనుబొమ్మ మీది ఆ గాటును ఇటిక్యాల సభలో జయపాల్ కూడా చూశాడు. తల దించుకుని గిటారు నా చేతిలో పెట్టాడు. "నువ్వే తీస్కపో అక్కా. నేనెవరికీ చెప్ప" అన్నాడు.

తెచ్చి అమ్మ ముందు పెట్టాను. మా అమ్మ జమ్ములమ్మ ఉలిక్కిపడలేదు కూడా.

"నేను కూలికి పోయిన ఊర్లనే చిక్కుకున్న. నీళ్లు రాంగనె మీ నాయిన దీన్ని భుజానేసుకొని బడి మిద్దెక్కిండు. నిన్ను మంచం మీదనే ఇడిసిండు. పక్కింటి ఈరన్న ఈదుకుంట పోయి నిన్ను తీసిండు. శిబిరంల పాస్టరు అడిగితె సిగ్గుకు గా కథ చెప్పిండు. అందరు ఏడ్సిరి. ఇగ గిటారు ఇంట్ల ఎట్లుంటది? అమ్మిండు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నీకు నాయిన లేకుండ పోతుండె గదా."

ఇన్నేళ్లూ ఉన్నాడా మరి? నాకు ఒళ్లు మండిపోయింది. గిటారు తీగలన్నీ కోసిపారేసి, దాన్ని నాయిన మంచానికి ఎదురుగా గోడకు తగిలించాను.

సాయంత్రం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా వెళ్లి వేపకట్టె మరను తడిమాడు. ఇప్పుడు కూడా ముందు దాని దగ్గరికే వెళ్లాడు. ఆ తర్వాతే నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తప్పైంది బిడ్డా. పొద్దుగాల్నే పాస్టరు తాన అంత ఒప్పుకుంట. ఇగ జన్మల సాక్ష్యం చెప్ప."

ఒప్పుకుంటే ఆయనకు హాయి. జనం దానికీ ఏడుస్తారు, క్షమిస్తారు, దానికీ స్తోత్రం అంటారు. ఆ హాయి ఆయనకు దక్కనివ్వదలచుకోలేదు.

"చెప్తవు నాయినా. ఆదివారం లింగాల సభల చెప్తవు, పిలిచిన కాడల్ల చెప్తవు. ఒప్పుకున్ననాడు నేను, అమ్మ ఇల్లిడిసి పోతం. నువ్వు, నీ గిటారు ఉండుండ్రి. రెంట్ల ఒకటే దక్కుతది."

లింగాల సభలో మెడలోతు నీళ్ల దాకా ఎట్లాగో వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. నటన కాదు, ఈసారి నిజంగానే గొంతు పూడుకుపోయింది. జనం అప్పుడే వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఆయన పిలవకముందే నేను వేదికెక్కి, మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను.

"చెప్పు నాయినా. ఆ దినం నీళ్లల్ల ఏం ఇడిసినవో చెప్పు."

నా ముఖంలోకి చూశాడు.

"గిటారు" అన్నాడు.

జనం స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను.