తల ఊపిన పిల్ల

అమలమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే వంటగది కిటికీలోంచి ఐదో తరగతి గదివైపు ఓ కన్నేసి ఉంచింది. పామర్రు దగ్గరి ఆ మిషను హాస్టల్లో పంతొమ్మిదేళ్లుగా ఆమే వంటమనిషి. మొగుడు పోయిన ఏడాదే మైలవరం నుంచి వచ్చింది. పొగకు ఎర్రబడ్డ కళ్లు, గంజి పడి కాలిన మచ్చల చేతులు. ఆమె లోకం ఆ కిటికీ మేరకే.

గదిలో హెలెన్ పాఠం చెబుతోంది. ఇంగ్లండులో యూనివర్సిటీ చదువు చదువుతూ, పంతులమ్మ పని నేర్చుకోవడానికి మూణ్ణెల్లకని వచ్చింది. మూడు వారాలైనా అమలమ్మకు ఆమె మీద నమ్మకం కుదరలేదు. డెబ్బయ్యో సంవత్సరంలో ఇలాగే ఒక దొరసాని నవ్వుతూ వచ్చి ఏదో రాసుకుపోయింది. మరుసటి నెలలోనే తోటి వంటమనిషి తెరేసమ్మను పనిలోంచి తీసేశారు.

అర్థమైందా అని హెలెన్ శౌరమ్మను అడిగింది. పిల్ల తల అటూ ఇటూ ఊపింది. మళ్లీ చెప్పి మళ్లీ అడిగింది. మళ్లీ అదే ఊపు. హెలెన్ ముఖం కందిపోయింది. లేచి హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"చాడీలు మొదలెట్టింది," అని గొణుక్కుంది అమలమ్మ.

హెడ్మాస్టరు జక్కయ్యగారు బెత్తంతో వచ్చారు. "రెండుసార్లు చెప్పినా అర్థం కాలేదంటావటే? బడి పరువు తీస్తావా?"

ఆరు దెబ్బలు. హెలెన్ అడ్డం వెళ్లేసరికే అయిపోయింది.

మధ్యాహ్నం ఆమె వంటగది గుమ్మంలోకి వచ్చింది. శౌరమ్మ చేసినట్టే తల ఊపి, "ఇది... ఏమి?" అంది.

ఏం కూపీ లాగుతోందోనని అమలమ్మ ఎగాదిగా చూసింది. "ఔననేగండీ! ఇంకేంటి?"

హెలెన్ అక్కడే, ఉల్లిపొట్టు మీద కూలబడింది. చాలాసేపు ఏడ్చింది.

సంగతి విని జక్కయ్యగారు నవ్వేశారు. "దానిదేముందండీ, రేపటికి మర్చిపోతారు." మర్నాడు ఏ పిల్లనూ ఏమీ అడగడానికి హెలెన్‌కు నోరు రాలేదు. సాయంత్రానికే పెట్టె సర్దుకుంది.

విజయవాడ బస్సు దాకా పెట్టె మోసింది అమలమ్మే. ఉండబట్టలేక అడిగింది. "మా మీద ఏవన్నా రాస్తారాండీ?"

హెలెన్ తల అటూ ఇటూ ఊపింది.

అది వాళ్ల కాదో, మన ఔనో తేలేలోగా బస్సు కదిలింది.

తిరిగి వచ్చేసరికి శౌరమ్మ నిద్రపోతోంది. హాస్టల్ నుంచి బయల్దేరబోతూ హెలెన్ ఆ పిల్ల అరచేతికి చుట్టి వెళ్లిన తెల్లరుమాలు ఊడి చాప మీద పడి ఉంది, పసుపు అంటుకుని.