కాకి విన్న మాట

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో అక్రం మందుల షాపు పైన ఒక గది ఉంది. ప్రతి ఆదివారం పొద్దున ఆ గదిలో హత్యలు జరుగుతాయి. అంటే, మాటల్లో. నేరాల పుస్తకాలు చదివి, పాడ్‌కాస్టులు విని, ఎవరు ఎవర్ని ఎందుకు చంపి ఉంటారో తేల్చడానికి ఓ అరడజను మంది అక్కడ చేరతారు. ఇడ్లీలు తెప్పించుకుంటారు. చట్నీలో కారం తక్కువైందని గొడవ పడతారు గానీ, శవం గురించి మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఒక్కరికీ ముద్ద గొంతుకు అడ్డం పడదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లహరి కూడా వాళ్ళలో ఉంది. ఆమెకైతే హత్యల కథలంటే చెవి కోసుకునేంత ఇష్టం.

ఈసారి పుస్తకం ఎక్కడో అమెరికాదో ఢిల్లీదో కాదు, మన పల్నాడుదే. గుంటూరులో విలేఖరిగా చేసి రిటైరైన అంతోని రాశాడు. మాచవరం దగ్గర ఒక పల్లెలో శివరామయ్య అనే రైతు మిరప కల్లంలో కాపలా ఉండగా ఎవరో పారతో తల మీద కొట్టి చంపారు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఎవరు చంపారో ఈనాటికీ తేలలేదు. ఆ శివరామయ్య లహరికి సొంత పెదనాన్న.

ఆ సంగతి లహరే బయటపెట్టింది. నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ పుస్తకం బల్ల మీద పడగానే "ఇది మా పెదనాన్న కేసే" అనేసింది. అందరూ ఇడ్లీ తినడం మానేసి ఆమె వంక చూశారు. ఆ చూపు ఆమెకు నచ్చింది. ఎవరితోనూ ఒప్పుకోదు గానీ, నచ్చింది. చచ్చిపోయిన మనిషి పుణ్యమా అని తనకో పెద్దరికం వచ్చిందని వారమంతా లోలోపల మురిసిపోయింది.

ఆ గదికి పెద్ద ఉపేంద్ర. కోర్టులో క్లర్కుగా చేసి దిగిపోయాడు. తర్వాతి ఆదివారం ఆయన కళ్ళజోడు సర్దుకుని, కర్మ రోజు జరిగినదంతా పైకి చదివి వినిపించాడు. శివరామయ్య కొడుకు మరీ పసివాడు కాబట్టి తమ్ముడు రాఘవే కర్మ చేశాడు. ఆ రాఘవే లహరి నాన్న. కాలవ గట్టున పిండం పెట్టారు. కాకులు వచ్చి తుమ్మ చెట్టు మీద వాలాయి గానీ కిందికి దిగలేదు. పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలితే కాకి ముట్టదు కదా. అందుకని ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిచ్చారు. పిల్లల్ని బాగా చదివిస్తానని భార్య అంది. తడి పంచెతో వణుకుతూ తమ్ముడు, అన్న పిల్లలు తన పిల్లలేనన్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. కాకి కదల్లేదు. చివరికి తల్లి ధనమ్మ వంగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా ఏదో చెప్పింది. ఆమె నడుమెత్తేలోపే కాకి దిగి మెతుకులు ముట్టింది.

ఉపేంద్ర పుస్తకం మూశాడు.

"ఇంతకీ ఏం చెప్పుంటదంటారు?" అన్నాడు అక్రం.

"ఇంకేం చెప్తదయ్యా, నిన్ను చంపినోణ్ణి వదలను నాయనా అని ఉంటది. చచ్చినోడికి అంతకన్నా ఏం కావాల?" అన్నాడు ఉపేంద్ర. అందరూ తలలూపారు. లహరి కూడా ఊపింది. "వదలను అన్నదంటే వాడెవడో ఆమెకు తెలిసుండాల. నాకైతే ఆ కూలోడి మీదే అనుమానం" అన్నాడు ఉపేంద్ర మళ్ళీ.

ఆ కూలోడు ఇమ్మానుయేల్. ఆ సాయంత్రం కల్లం దగ్గర శివరామయ్యతో మాటా మాటా అనుకున్నాడని పోలీసులు పట్టుకెళ్ళి, కుడి చెయ్యి పనికిరాకుండా కొట్టారు. సాక్ష్యం లేక కోర్టు వదిలేసింది గానీ ఊరి జనం అతన్ని వదల్లేదు. నిలవలేక ఈపూరు వెళ్ళిపోయాడు. అంతోని పుస్తకం అతనే చంపాడని అనలేదు, అతను కాదనీ అనలేదు.

"అంత కొట్టినా ఒప్పుకోలా గదన్నా" అన్నాడు అక్రం.

"ఒప్పుకోకపోతే చెయ్యనట్టేనా? అమ్మా లహరీ, మీ నాయనమ్మ ఉంది గదా. నువ్వు అడుగు. మనవరాలివి, నీకు చెప్పక ఎవరికి చెప్తది? ఆ మాట తెలిస్తే అంతోని గారికి పంపిద్దాం. రెండో ముద్రణలో వేస్తాడు."

అడుగుతానంది లహరి. అనేసిందే గానీ ఆ రోజు నుంచి ఆమెకు మనసు మనసులో లేదు. పిండం రోజున ఆమె అమ్మ చంకలో ఉంది. గుర్తున్నది ఒక్కటే, పెద్దవాళ్ళంతా తలలెత్తి చెట్టు వైపు చూస్తూ నోట మాట లేకుండా నిలబడటం. ఇప్పుడు క్లాసులో బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక ఎవరో నిలబడి, ఒక మాట కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించేది. తిరిగి చూస్తే పిల్లలే. ఆ పిల్లలు కూడా తలలెత్తి ఆమె వంకే చూస్తుంటే భయమేసేది.

శనివారం నాయనమ్మ దగ్గరికి సత్తెనపల్లి వెళ్తున్నానని చెబితే నాన్న "ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు. ఊరికే అంది. రాఘవ ఇంకేం అడగలేదు. ఎరువుల కొట్టు తాళాలు చేతిలోకి తీసుకుని కాసేపు గుమ్మంలో నిలబడి, నాయనమ్మకిమ్మని బత్తాయిల సంచి అందించాడు. ఆయనెప్పుడూ అంతే, పంపడమే గానీ వెళ్ళడు. వెళ్ళినా ధనమ్మ పలకదు. పెద్దకొడుకు పోయినప్పటి నుంచీ ఆమె పెద్దకోడలి దగ్గరే ఉంటోంది. చిన్నకొడుకును చూస్తే పెద్దవాడు గుర్తొచ్చి దుఃఖం వస్తుందని, అందుకే పలకదని ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. లహరి కూడా అదే నమ్మి పెరిగింది.

ఆమె వెళ్ళేసరికి పెద్దమ్మ కూరగాయలకని బజారెళ్ళింది. ధనమ్మ వరండాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. బత్తాయిల సంచిని ఓరగా చూసి, మళ్ళీ తన పనిలో పడింది. లహరి పక్కన చేరి కాసేపు తొడిమలు తీసి, తుమ్మి, చివరికి అడిగేసింది.

"నాయనమ్మా, పెదనాన్న పిండం కాడ ఆ రోజు ఏమన్నావ్?"

"ఆ పుస్తకమాయన కూడా వచ్చి అడిగాడు. చెప్పలా."

"నాకు చెప్పు."

"నీకసలే చెప్పకూడదు. కాఫీ పెట్టుకుని తాగు, పో."

"చెప్పకపోతే మానెయ్. అందరికీ తెలిసిందేగా. ఇమ్మానుయేల్‌ని వదలనని అన్నావు. రెండోసారి వేసే పుస్తకంలో అదే రాస్తారంట."

ముసలామె చేతులు ఆగిపోయాయి.

"ఎవురే అన్నది ఆ మాట?"

"అందరూ అంటున్నారు."

"ఆ పిల్లోడు ఏం చేశాడే? చెయ్యి విరగ్గొట్టి, ఊళ్ళోంచి తరిమితే చాల్లేదంటనా? ఇంకా పుస్తకాల్లో ఎక్కించాలంటనా?"

"మరి ఎవరు చంపారు?"

ధనమ్మ వీధి వైపు చూసింది. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"మీ నాన్నే."

ధనమ్మ ఎప్పుడో మొదలుపెట్టి మధ్యలో ఆపిన పని పూర్తి చేస్తున్నదానిలా చెప్పుకుపోయింది.

"కల్లం కాడ నీళ్ళ వంతు గురించి మాట మీద మాట పెరిగింది. చంపాలని పోలా వాడు. చేతిలో పార ఉంది, కొట్టాడు. చీకటి విడవకముందే వచ్చి బోరింగు కాడ నిలబడ్డాడు. ఆ చొక్కా నేనే ఉతికా. రక్తం ఎవురిదిరా అని అడగలా. పొద్దెక్కినాక కబురొస్తే తెలిసింది నేను ఎవురి రక్తం ఉతికానో."

ధనమ్మ ఒడిలోని తొడిమలు దులుపుకుంది.

"పిండం కాడ ముందు అదే చెప్పా. నిన్ను చంపినోణ్ణి పట్టిస్తా నాయనా, వాడు నా కడుపున పుట్టినా సరే అన్నా. కాకి కదల్లా. ఎదురుగా తడిబట్టల్తో కూచోని ఉన్నాడు వాడు. అప్పుడు అన్నా, నీ తమ్ముణ్ణి పట్టియ్యనులే, నువ్వు పో నాయనా అని. మాట నోట్లో ఉండంగానే దిగింది. చిన్నప్పుడు వాణ్ణి చంకన దించేవాడు కాదు మీ పెదనాన్న. చచ్చినాక కూడా మోశాడు."

"అందుకేనా నాన్నతో మాట్లాడవు?"

"పట్టియ్యనని మాటిచ్చా. పలకరిస్తానని ఇవ్వలా" అని ధనమ్మ మళ్ళీ మిరపకాయ చేతిలోకి తీసుకుంది.

తిరుగు బస్సులో లహరికి ఎంతసేపటికీ ఏడుపు రాలేదు. చంపింది ఎప్పుడూ ఇంట్లోవాళ్ళే అయ్యుంటారని ఆ గదిలో ఎన్నిసార్లు నవ్వుతూ అందో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. ఫోనులో ఉపేంద్ర, ఏమందమ్మా అని మెసేజీలు పెడుతూనే ఉన్నాడు. ఫోను ఆపేసింది. పక్క సీటు ఖాళీగానే ఉంది. అయినా అందులో పెదనాన్న కూర్చున్నట్టే ఉంది. ఆయన ముఖం కూడా ఆమెకు సరిగ్గా తెలియదు. ఎవరు చంపారో చెప్పమని ఆయన అడగడం లేదు, చెప్పొద్దని బతిమాలుతున్నాడు. అది ఇంకా భయంగా ఉంది.

నరసరావుపేటలో దిగేసరికి నాన్న స్కూటరేసుకుని వచ్చి ఉన్నాడు. రమ్మని ఆమె చెప్పలేదు. ఎక్కి కూర్చుంది. చిన్నప్పటి నుంచీ పట్టుకునే భుజాన్ని పట్టుకోలేక సీటు వెనక కమ్మీ పట్టుకుంది. ఊరు దాటేవైపు, జనం పలచబడ్డ చోట రాఘవ బండి ఆపాడు. వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"ఆ పుస్తకం నేనూ చదివానమ్మా. ఎందుకు పోయావో తెలుసు. అమ్మ ఆ రోజు ఏమన్నదంట?"

లహరి బండి దిగి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇన్నేళ్ళ నుంచీ ఆ మాటే తినేస్తోంది నన్ను. కొంగు అడ్డం పెట్టుకుని నన్నే చూస్తా చెప్పింది. నాశనమైపోతావని శపించిందేమో అనుకున్నా. కాకిని చూస్తే అన్నం సయించదు నాకు."

"నిన్ను పట్టియ్యనని చెప్పింది. అప్పుడే దిగిందంట కాకి."

రాఘవ బండి దిగాడు. రోడ్డు పక్క రాయి మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. "అన్న వదిలేశాడా నన్ను? వదిలేశాడా?" అని అదే మాట అన్నాడు. తలెత్తినప్పుడు ఆ ముఖం తేటపడి ఉంది. ఏళ్ళ తరబడి లేని నిద్ర ఆ రాత్రి పడుతుందేమో అన్నంత తేటగా ఉంది. అది చూసేసరికి లహరికి ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద అంత ప్రేమా, అంత అసహ్యమూ ఒకేసారి పుడతాయని ఆమెకు అంతకు ముందు తెలియదు.

"పెదనాన్న వదిలేశాడు సరే. మరి ఇమ్మానుయేల్?"

రాఘవ కళ్ళు దించుకున్నాడు.

"వాళ్ళు పిండాలు పెట్టరు నాన్నా. ఆయన మనసులో ఏముందో చెప్పడానికి ఏ కాకీ రాదు. మనిషే పోయి అడగాల. ఈపూరులో ఉంటున్నాడంట."

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"చానాసార్లు పోయానమ్మా. రేకుల ఇల్లు. వాకిట్లో కూచోని ఎడం చేత్తో పుల్లలు విరుస్తా ఉంటాడు. సందు మొదట్లో నిలబడి చూస్తా. అడుగు పడదు. తిరిగొచ్చేస్తా."

రోడ్డు మీద పత్తి లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"లే నాన్నా" అంది లహరి. "ఈసారి తలుపు నేను కొడతా. మాట మాత్రం నువ్వే చెప్పాల."

రాఘవ లేచి, తాళం తిప్పి, బండిని ఈపూరు పోయే వినుకొండ రోడ్డు వైపు మళ్ళించాడు.