ఏంబలం దారికి ఏ బండి

అమృతవల్లిని మోటారు సైకిలు కొనే చోటికి తీసుకుపోయింది సలహా కోసం కాదు, తాంబూలం పళ్ళెం పట్టుకోవడానికి. బేరం కుదిరాక అమ్మినవాడికి ఇల్లాలి చేతి మీదుగానే ఆకువక్క అందాలని అత్త కన్నియమ్మాళ్ పట్టింపు. పళ్ళెం పట్టుకునేదానికి నోరెందుకు?

పుదుచ్చేరిలో ఫ్రెంచి దొరలు తప్ప మోటారు సైకిలు ఎక్కినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టగల రోజులవి. అమృతవల్లి మొగుడు, వేరుశనగ వ్యాపారి దామోదరన్ కూడా ఎక్కాలని పట్టుబట్టాడు. ఏంబలంలో కౌలుచేలు చూసుకోవాలి, అందుకే బండి అన్నాడు. నిజానికి ఆ చేలు చూసేది అమృతవల్లి. పదేళ్ళుగా వారానికి మూడుసార్లు ఎద్దులబండిలో పోయి, చక్రాలు దిగబడేచోట దిగి నడిచి, కలుపు తీసే ఆడవాళ్ళతో పాటు నడుం వంచి, మూటలు మోసి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరి వంట చేసేది. "ఊరికే కూచోని తింటావు గదా" అన్న మొగుడి మాటే ఆ వంటకు తాలింపు.

అమ్మే విజయరంగన్ పని తెలిసినవాడు. రెండు బండ్లు ముందుపెట్టి, "దారి ఎట్లాంటిది? బరువెంత ఎక్కిస్తారు? కూచోని చూడండి, కాళ్ళు నేలకి అందతాయా?" అని అడిగాడు. దామోదరన్ చూపు పెద్దబండి తళతళల మీదే ఉంది. "దారికేంది, బ్రహ్మాండంగా ఉండాది" అన్నాడు.

అమృతవల్లి నవ్వు ఆపుకుంది గానీ మాట ఆగలేదు. "దారి కడాన రెండు మైళ్ళు ఇసకండి. ఆ బరువుకి పెద్దది దిగబడిపోద్ది. ఈ చిన్నదే సరి, కాళ్ళైనా ఆనతాయి."

"అక్క చెప్పిందే న్యాయం" అన్నాడు విజయరంగన్.

దామోదరన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు సంగతి ఆమెకు తెలుసు. పెద్దబండే కొన్నాడు. ఆమె పళ్ళెంలోంచి ఆకువక్క అందించింది.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి నడుము బెల్టు తీశాడు. "నాకు తెలీని దారి నీకు తెలుసా? తెలుసా?" మాటకొక దెబ్బ. వీపు చిట్లింది. మోచెయ్యి చిట్లింది. బయట బియ్యంలో రాళ్ళేరుతున్న కన్నియమ్మాళ్ చేట దించకుండానే కేకేసింది. "మొకాన కొట్టొద్దురా నాయనా! రేపు బండికి ఆరతి పట్టాల్సింది అదే."

దెబ్బలు కిందికి దిగాయి, ఆగలేదు. బెల్టు కంటే ఆ మాటే ఎక్కువ మండింది అమృతవల్లికి. తన ముఖం కూడా తనది కాదు. ఆరతికి పనికొస్తుందని మిగిల్చారు.

మర్నాడు ఆరతి పట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. మొదటి సవారీ ఇల్లాలితోనే సాగాలంది అత్త. వెనక ఇనపచట్రం మీద గోనెసంచి మడిచి ఆమెను ఒకపక్కకు కూర్చోబెట్టారు. గుంత గుంతకీ పచ్చివీపులో ప్రాణం పోయి వచ్చింది.

ఇసుక మొదలయ్యేచోట, "నిలపండి, దిగి నడుస్తా" అంది.

"నోరు ముయ్యి" అని అతడు జోరు పెంచాడు.

ముందుచక్రం ఇసుకలో కూరుకుపోయింది. ఆమె ఎగిరి పక్కన పడింది. బండి అతడి కాలిమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. కాగిన పొగగొట్టం పంచెను, పంచె కింది చర్మాన్ని కాలుస్తోంది.

"ఎత్తవే! చూస్తా నిలబడతావేందే!"

ఎత్తింది. మూటలు మోసిన చేతులు, జానెడు లేపాయి. ఇంకొంచెం లేస్తే కాలు లాక్కోవచ్చు. అప్పుడే దామోదరన్‌కు బండి ముందు పగిలిన దీపం కనబడింది.

"నీ ఏడుపు తగిలే పడిందే! ఇంటికి రా, తోలు వలుస్తా."

అమృతవల్లి అతడి ముఖంలోకి చూసింది. కాలు విరిగి, ఒళ్ళు కాలుతూ కూడా ఆ మాటే. ఈ కాలు అతుక్కున్న రోజే ఆ తలుపుకు మళ్ళీ గడియ పడుతుంది.

బండిని మెల్లగా, లేపినచోటికే దింపింది. అతడు అరిచిన అరుపుకు చేలో కొంగలు లేచిపోయాయి. ఆమె చీర దులుపుకుంది.

"ఏంబలం నుంచి మనుషుల్ని పంపిస్తా. వాళ్ళు నిన్ను ఇంట్లో దించతారు. నేను రాను."