సరంగు మీద ఒక వాక్యం

మళ్ళీ తీసేశారు!

ఫోను తెర మీద ఎర్ర గుర్తు కనబడగానే అతని చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద ఠంగున పడింది. ఈ వారంలో ఇది ఐదోసారి. వేళ్ళ నిండా గ్రీజు. చిటికెన వేలితో నొక్కి, లాంచీ ప్రమాదం పేజీలోంచి పోయిన వాక్యాన్ని మళ్ళీ దాని చోట నిలబెట్టాడు. 'ప్రమాద సమయంలో లాంచీ నడుపుతున్న సరంగు మద్యం మత్తులో ఉన్నాడు.' దాని పక్కనే ఆధారం: నది చరిత్ర మీద వచ్చిన ఒక పుస్తకం, నూట పద్నాలుగో పేజీ.

నిమిషం తిరక్కుండా వాక్యం మాయమైంది.

తీసేస్తున్న మనిషి దాక్కోవడమూ లేదు. ఖాతా పేరే 'సరంగు కూతురు'.

"ఏమయ్యా ఆధారం," అన్నాడు ఎదుటి బల్ల దగ్గరి మేస్త్రీ. "మీటర్లు బాగు చేస్తున్నావా, లోకాన్ని బాగు చేస్తున్నావా?"

"రెండూనండీ."

"లోకం రేపటికైనా ఆగుతుంది. మీటర్లు మూడింటికల్లా కావాలి."

నీటి మీటర్లు మరమ్మతు చేసే ఆ వర్క్‌షాపులో అతనికి ఇరవై రెండేళ్ళు నిండాయి. తిరగని పళ్ళచక్రాలు విప్పుతాడు, పాచి గీకుతాడు, మళ్ళీ బిగిస్తాడు. తొట్టిలోంచి సరిగ్గా వంద లీటర్లు వదిలి, మీటరు వంద చూపిస్తుందో లేదో చూస్తాడు. తొంభై తొమ్మిది చూపిస్తే మళ్ళీ మొదటికి. పదకొండేళ్ళుగా భోజనం వేళా, బస్సులోనూ, ఎవరైనా రాయగల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వానికి ఉత్త పుణ్యానికి చాకిరీ చేస్తున్నాడు. ఎవరేం రాసినా అతను అడిగేది ఒక్కటే: ఆధారం ఏదీ? చివరికి అదే అతని పేరై కూర్చుంది. "వానొస్తోంది, బట్టలు తియ్యండి అంటే ఆధారం అడిగే మనిషి" అని భార్య చుట్టాల ముందు నవ్విస్తూ ఉంటుంది.

సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయంలో సమావేశం. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే లైబ్రేరియన్ మేడమ్ ఇవాళ్టికి ఒప్పుకుంది. ఆరు బడుల టీచర్లు వస్తున్నారు. ఈ విజ్ఞాన సర్వస్వాన్ని నమ్మవచ్చని అతను ఒప్పించగలిగితే, ప్రతి శనివారం అక్కడి కంప్యూటర్ల గది తమ బృందానిదే, కొత్తగా రాసేవాళ్ళు పుట్టుకొస్తారు. ఒప్పించలేకపోతే అంతే సంగతులు. సరిగ్గా ఇవాళే లాంచీ ప్రమాదం పేజీలో ఈ రభస!

వాక్యాన్ని మళ్ళీ నిలబెట్టి, ఆ ఖాతాను ఆపించమని నిర్వాహకులకు ఫిర్యాదు తయారుచేసి, పంపేముందు చివరి హెచ్చరికగా చర్చ పేజీలో రాశాడు: "అయినవాళ్ళ గురించి అయినవాళ్ళు రాయకూడదన్నది మన నియమం. పైగా ఈ మాటకు పుస్తకం ఆధారం ఉంది. సందేహముంటే సాయంత్రం గ్రంథాలయానికి వచ్చి అడగండి."

జవాబు చకచకా వచ్చింది.

"మీ పుస్తకం వచ్చి ఆరేళ్ళే అయింది. ఈ మాట ఎనిమిదేళ్ళ కిందటే ఈ పేజీలో చూసి మా అమ్మాయి బడి పాఠం కోసం ఇంట్లో పైకి చదివింది. నాన్న వింటూనే లేచి బయటికి వెళ్ళిపోయారు. పుస్తకం పుట్టకముందే ఆధారం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

అవును, ఎక్కణ్ణుంచి? ఫిర్యాదు పక్కనపెట్టి, ఆ పుస్తకం రాసిన రిటైరైన లెక్చరర్‌కు ఫోన్ కొట్టాడు.

"సరంగు తాగి ఉన్నాడని మీకెలా తెలిసింది సార్?"

"ఎలా ఏమిటయ్యా? మీ దాంట్లోనే ఉంది కదా! అది చూసే రాశాను. ఏం, తప్పా?"

అతను ఫోను పెట్టేశాడు. పేజీని చూసి పుస్తకం రాశారు. పుస్తకాన్ని చూపించి పేజీని నిలబెట్టారు. రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని ధీమాగా నిలుచున్నాయి, కాళ్ళ కింద మాత్రం నేల లేదు. ఐదేళ్ళ కిందట ఆ పుస్తకాన్ని ఆధారంగా తగిలించి చంకలు గుద్దుకున్నది తనే.

మరి మొదట రాసిందెవడు?

భోజనం గంట మోగింది. అతను డబ్బా మూత కూడా తియ్యకుండా ఆఫీసు గదిలోని కంప్యూటరు ముందు కూలబడ్డాడు. పేజీ చరిత్రలో నాలుగు వందల పన్నెండు మార్పులు, ఒక్కటీ చెరిగిపోదు. సరిగ్గా నడిమిది తెరిచాడు. వాక్యం ఉంది. అంతకు ముందున్న వాటిలో నడిమిది. ఉంది. మళ్ళీ సగం. ఉంది. మళ్ళీ సగం. లేదు! ఇంక వెతకాల్సినవి పాతిక మార్పులు. పన్నెండు. ఆరు. మూడు.

"దొరికావురా!" అన్నాడు పైకే.

అక్కడ పేరు లేదు. ఖాతా లేకుండా రాసినవాళ్ళకు కంప్యూటరు నంబరు మాత్రమే పడుతుంది. పదకొండేళ్ళ కిందట, మధ్యాహ్నం ఒంటి గంటా పన్నెండు నిమిషాలు. నంబరు మీద నొక్కాడు. దాని నుంచి జరిగిన మార్పులు రెండే రెండు. ఒకటి ఇది. రెండోది రెండు నిమిషాల తర్వాత, 'నీటి మీటరు' పేజీలో.

రెండోదాన్ని తెరిచాడు. పళ్ళచక్రాల లెక్క.

'నీటి మీటరు' పేజీలో పళ్ళచక్రాల లెక్క సరిచేయడం తన మొట్టమొదటి మార్పని అతను ఏ సమావేశంలో చెప్పలేదు? ఖాతా తెరవకముందు, ఇదే గదిలో, భోజనం వేళ. మొదటిది కాదది. రెండోది. ట్యాంకరు డ్రైవరొకడు చెయ్యి కడుక్కుంటూ, "ఆ సరంగు ఫుల్లుగా తాగున్నాడంట" అన్నాడు. తను పరుగెత్తుకొచ్చి ఆ మాట టైపు కొట్టాడు. కొట్టిన మాట వెంటనే లోకమంతటికీ కనబడుతుందని తెలిసిన సంబరం. అంతే. తర్వాత మరిచిపోయాడు.

పేజీ అడుగున లింకుగా ఉన్న ప్రభుత్వ విచారణ నివేదిక తెరిచి చదివాడు. అందులో ఉన్నది ఒక్కటే కారణం: చుక్కాని గొలుసు తెగింది. మద్యం ఊసే లేదు. వాక్యం తీసేసి, చేతులు తుడుచుకుని, మిగిలిన మీటర్లు మూడింటికల్లా ముగించి గ్రంథాలయానికి ఉరికాడు.

మెట్ల దగ్గర విజ్ఞాన సర్వస్వానికి రాసే తోటి మనిషి, రిటైరైన ప్రూఫ్‌రీడరు, అందరూ 'కామా' అని పిలిచే పెద్దావిడ ఎదురైంది. సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

"తీసేశావుగా, చాలు నాయనా," అందావిడ గొంతు తగ్గించి. "ఆ నంబరు చూసి నువ్వని ఎవడు పోల్చుకుంటాడు? ఇవాళ గది పోయిందా, మళ్ళీ ఇంకో రెండేళ్ళు."

"అక్కా..."

"నోరు మూసుకుని మైకు పట్టుకో."

పట్టుకున్నాడు. ఎన్నడూ లేనంత బాగా మాట్లాడాడు కూడా. చరిత్ర పేజీ తెర మీద చూపించి, ఇక్కడ ఏదీ దాగదని చెబుతుంటే టీచర్లు కుర్చీల్లో ముందుకు జరిగారు. లైబ్రేరియన్ మేడమ్ శనివారం ఎన్నింటికి తెరవాలో పక్కావిడతో మాట్లాడేస్తోంది.

అప్పుడు చివరి వరసలో, భుజాన కుట్టుపని సంచీతో యాభై దాటిన ఒకావిడ లేచింది.

"లాంచీ సరంగు కూతుర్నండీ. మధ్యాహ్నం ఆ వాక్యం తీసేశారు, సంతోషం. నాన్న పోయి రేపటికి నెల. ఆయనెలాగూ చూడలేదు." ఆమె సంచీ భుజం మీదికి సర్దుకుంది. "ఒక్కటే అడుగుతున్నా. అది మొదట రాసిందెవరు?"

హాలంతా ఇటు తిరిగింది. కామా తల అడ్డంగా ఊపింది. లైబ్రేరియన్ మేడమ్ మధ్యలో కల్పించుకుని, సర్దిచెప్పే గొంతుతో అంది: "అక్కడ నంబరే తప్ప పేరుండదు కదమ్మా. ఎవరో తెలియదు. అంతేకదండీ?"

అవునంటే చాలు. తలూపినా చాలు.

"తెలుసండీ," అన్నాడతను. మైకు కీచుమంది. దాన్ని పక్కకు జరిపి, చివరి వరసకు వినబడేలా అన్నాడు: "ఎవరో అన్న మాట పట్టుకుని, మీ నాన్నగారు తాగి ఉన్నారని రాసింది నేనేనమ్మా."