మెట్ల వైపు తిరిగిన కొంగ

పరదా జారగానే చప్పట్లు మోగాయి. నోరీన్ కస్తాల్డో చేతులు మాత్రం సగంలోనే ఆగిపోయాయి. మిల్‌పాండ్ స్టేషన్ గోడ మీది కొంగ మెట్ల వైపు చూస్తోంది.

గోరంత టైలు ముక్కలతో కూర్చిన ఆ కొంగ తాతల కాలం నుంచీ రైలు వచ్చే వైపే చూసేది. "అదిగో, కొంగకి రైలు కనబడింది, పదండి" అని ఆ పేట తల్లులు పిల్లల్ని లేవదీసేవాళ్లు. నోరీన్‌నీ అలాగే లేవదీశారు. బ్రూక్లిన్‌లో రైలు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు, ఇక కొంగకేం తెలుసు? అయినా అందరూ నమ్మేవాళ్లు.

పోయిన చలికాలం స్టేషన్ మరమ్మతుల వాళ్లు సుత్తులతో దిగినప్పుడు, టోపీలు కుట్టి రిటైరైన ఫిలిప్పా గాడ్స్‌డెన్ మడత కుర్చీ తెచ్చుకుని ఆ గోడకు అడ్డంగా కూర్చుంది. ఆమె వెనకే పేటంతా వంతులేసుకుని కుర్చీలు వేసింది. ముసలమ్మలను ఎత్తి అవతల పెట్టే ధైర్యం పోలీసులకూ లేకపోయింది. అప్పుడు టైళ్ల పని ఒప్పుకున్న ఆంబ్రోస్ ఫెన్లన్ నోరీన్‌ని పిలిచాడు. ఆమెకు చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆయనే.

"నువ్వు ఆ పేట పిల్లవి. నీ మాటైతే వింటారు. బొమ్మ ఊడదీసి, గోడ బాగుచేసి, మళ్లీ పెట్టేస్తామని చెప్పు."

"పెడతాం కదా?"

"నన్నే అడుగుతున్నావా అమ్మాయ్?" అన్నాడు నొచ్చుకున్నట్టు. నోరీన్ సిగ్గుపడి వెళ్లి చెప్పింది.

ఫిలిప్పా అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "బాగుచేస్తామని పట్టుకెళ్లింది ఏదైనా తిరిగొచ్చిందా పిల్లా? మా చర్చి గంటకీ ఇదే పాట పాడారు."

"నేను హామీ, మిస్ ఫిలిప్పా. నా చేతులతో నేనే తీస్తాను."

ముసలావిడ మెల్లగా లేచింది. "వాళ్ల మాట మీద కాదు, నీ మాట మీద లేస్తున్నా" అని కుర్చీ మడిచింది.

నోరీన్ పసిబిడ్డకు స్నానం చేయించినంత జాగ్రత్తగా పని చేసింది. బొమ్మ ముఖానికి పల్చటి గుడ్డ జిగురుతో అతికించింది. వెనక నుంచి ఉలితో విడదీసి, పలక మీద బోర్లా పడుకోబెట్టింది. తర్వాత ఆంబ్రోస్ ఆమెను బ్రాంక్స్‌లో ఇంకో పనికి పంపి, "అతికించేది నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆదివారాలు బట్టలుతికే షాపులో ఫిలిప్పా అడిగేది, "మన కొంగ ఎలా ఉంది?" అని. "హాయిగా నిద్రపోతోంది" అనేది నోరీన్.

ఇప్పుడు ఆమె ఆంబ్రోస్‌ని స్తంభం చాటుకు లాక్కుపోయింది. ఆయన చేతిలో ఇంకా డోనట్ ఉంది.

"అది మన కొంగ కాదు."

"నెమ్మదిగా. కెమెరాలున్నాయి."

"బోర్లా పడుకున్న బొమ్మకి వీపే కనబడుతుంది. ముక్కల రంగు వెనకా ఉంటుంది కాబట్టి బొమ్మ తెలుస్తుంది, కానీ కుడి ఎడమవుతుంది. ఆ వీపు ఫొటో చూసి ఎవరో కొత్తది చేశారు. అంటే గుడ్డ కూడా విప్పలేదన్నమాట! పనిలో చేరిన మొదటి వారం మీరు నేర్పిన పాఠమే కదండీ ఇది?"

ఆయన నవ్వేశాడు. "తిప్పి చెయ్యమని ఆ వెధవకి చెప్పడం మరిచాను. అదొక్కటే పొరపాటు."

"పాతదేది?"

"పాతవాటికి ఎవరు పూచీ పడతారు? రేపు ఓ ముక్క ఊడి ఎవడి నెత్తినో పడితే?"

"పాతదేదంటున్నా!"

"చెత్త లారీలో పోయింది. నువ్వు తీసిన వారమే."

నోరీన్‌కి ఆ ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. "మరి నన్నెందుకు అంత జాగ్రత్తగా తీయమన్నారు?"

"నువ్వలా తీస్తుంటే చూసే కదా వాళ్లు నమ్మింది" అన్నాడు, పెదవికంటిన చక్కెర తుడుచుకుంటూ.

కొంగ జపం అంటే ఇదే. నమ్మించి గొంతు కోసినవాడు పరాయివాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఆంబ్రోస్ చేసిన ద్రోహం నోరీన్ చేతుల్లోంచే జరిగింది, ఆయన పని నేర్పిన ఆ చేతుల్లోంచే. ఆమెకు వాటిని చూసుకోవాలంటేనే అసహ్యం వేసింది.

ఫిలిప్పా గోడ దగ్గర నిలబడి ఉంది. అరవలేదు. "నిద్రపోతోందన్నావు" అంది.

"నాకూ తెలియదు, మిస్ ఫిలిప్పా. ఒట్టు."

"వెళ్లి చూశావా? ఒక్కసారైనా?"



కొన్నాళ్లకు ఆంబ్రోస్ ఏమీ జరగనట్టే ఫోన్ చేశాడు. టానరీ రోడ్ స్టేషన్లో ఓడ బొమ్మలున్నాయి, అక్కడా కుర్చీలు వేశారు. "వెళ్లి రెండు మంచి మాటలు చెప్పిరా. అక్కడివాళ్లకి నీ సంగతి తెలియదులే."

నోరీన్ వెళ్లింది. గోడ ముందు వరసలో మొదట ఫిలిప్పాయే కూర్చుని ఉంది. నోరీన్ అందరికీ వినబడేలా కొంగ కథ మొత్తం చెప్పింది. "లేవకండి. ఎవరు చెప్పినా లేవకండి. నేను వచ్చి చెప్పినా సరే" అంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఫిలిప్పా పక్క కుర్చీలో ఆమె చేతిసంచి ఉంది. నోరీన్ దాని వైపు చూసింది. ముసలావిడ సంచి తీయలేదు.

"నీ మాట విని నా కుర్చీలోంచి ఒకసారి లేచాను పిల్లా. నీ కుర్చీ నువ్వు తెచ్చుకో."

నోరీన్ నేల మీద కూర్చుంది.