చెరిపించిన ఫొటో

నాకు అనుమానం ఎక్కువని అందరూ అంటారు. 2011లో అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కు చదివితే వాళ్ళకూ తెలిసేది. తెలంగాణ ఊరేగింపుకు పోయేటప్పుడు మేమంతా ముఖానికి దస్తీ కట్టుకునేవాళ్ళం. దుమ్ముకు కాదు, కెమెరాలకు. ఫొటోలో ముఖం పడితే కేసు. కేసు ఉంటే రేపు ఉద్యోగం వచ్చినా పోలీసు వెరిఫికేషన్‌లో ఊడుతుంది. రాంనగర్‌లో ఇటుకలు మోస్తూ నన్ను చదివిస్తున్న మా నాయన ఆశంతా ఆ ఉద్యోగం మీదే.

ఆ రోజు ఒక్కణ్ణే గన్‌పార్క్‌కు పోయాను. అమరవీరుల స్తూపం దగ్గర బంతిపూలు పెట్టి, దండం పెట్టుకోవడానికి దస్తీ విప్పాను. అంతే, పక్కన కెమెరా క్లిక్‌మంది.

చూస్తే నడివయసు మనిషి. మీసాలు, పొట్టి క్రాఫు. మఫ్టీలో వచ్చిన పోలీసేనని తేల్చేసుకున్నాను.

"ఎవలు నువ్వు? నా ఫొటో ఎందుకు తీసినవ్?"

"నీది కాదు తమ్మీ, స్తూపానిది. నువ్వు మధ్యల పడ్డవ్. నా పేరు మొగిలయ్య, నారాయణగూడల ఫొటో స్టూడియో. దీన్ని సూస్తే మనకు స్వతంత్రం వచ్చినంత ధైర్యమైతది. పెద్దగ చేయించి దుకాణంల పెట్టుకుంట."

అంత తియ్యగా మాట్లాడేవాళ్ళను నేనసలు నమ్మను. "ఏ స్టేషన్‌కు ఇస్తవ్?" అన్నాను.

"స్టేషనేంది? జర నువ్వే సూడు, పరేషాన్ గాకు."

చూశాను. నిలువెత్తు స్తూపం, కింద చేతులు జోడించిన నేను, మూలన తేదీ, టైము పదకొండూ పది. నిజం చెప్పాలంటే బాగుంది. నా ముఖం మరీ బాగా కనబడుతోంది. తీసెయ్యమని గొడవకు దిగాను. "మల్ల గిసొంటి వెలుగు దొరకది" అని గొణుగుతూ నా కళ్ళముందే తీసేశాడు. కెమెరా మొత్తం వెతికిగాని నేను వదల్లేదు.

హాస్టల్‌కు వచ్చేసరికి గేటు ముందు పోలీసులు. పదకొండూ పదికి చిక్కడపల్లిలో ఎవరో రాళ్ళేసి జీపు అద్దాలు పగలగొట్టారట. ఆ టైముకు గదుల్లో లేనివాళ్ళ పేర్లన్నీ వార్డెన్ రాసిచ్చాడు. నా రూమ్మేట్ శ్రీను లైబ్రరీ రిజిస్టర్‌లో సంతకం చూపించి బయటపడ్డాడు. నన్ను మాత్రం సాయంత్రంలోగా రుజువుతో స్టేషన్‌కు రమ్మన్నారు.

సిగ్గు చంపుకుని నారాయణగూడ గల్లీలన్నీ తిరిగి మొగిలయ్యను పట్టుకున్నాను. తిడతాడనుకున్నాను. షట్టర్ దించి నాతో వచ్చాడు. అలాంటి మనిషిని పోలీసనుకున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

"సార్, గా టైముకు ఈ పిల్లగాడు గన్‌పార్క్‌ల ఉన్నడు. నేనే ఫొటో తీసిన" అన్నాడు ఎస్సైతో.

ఎస్సై చెయ్యి చాపాడు. "ఏది?"

"తీసేసిన సార్."

"ఎవరు తీసెయ్యమన్నరు?"

నన్ను పట్టివ్వడం మొగిలయ్యకు ఇష్టం లేదు.

"నేనే సార్" అన్నాను.

"తప్పు చెయ్యనోడివి, ముఖమెందుకు దాచినవ్?"

"ఉద్యోగం కోసం సార్." నిజమే చెప్పాను. నాకే అబద్ధంలా వినిపించింది.

ఎస్సై కలం మూత తీసి కేసు కాగితం మీద నా పేరు రాయడం మొదలుపెట్టాడు. జగదీశ్వర్, తండ్రి బుగ్గయ్య.