పదిహేడో నంబరు గది

కుసుమకుమారి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేరి పందొమ్మిదేళ్లయింది. ఆవిడ డ్యూటీ ఉన్న రోజు చూసుకునే సర్జన్లు కష్టమైన కేసులు పెట్టుకుంటారని ఆస్పత్రిలో పేరు. కడుపు కోసినప్పుడు రక్తం పీల్చడానికి లోపల పెట్టే గుడ్డల్ని అక్కడ మాపులంటారు. లోపలికెళ్లినవన్నీ బయటికొచ్చాయని నర్సు లెక్క చెప్పాకే సర్జన్ కుట్లు వేస్తాడు. ఆ లెక్క చెప్పేది కుసుమకుమారి.

ఫిబ్రవరిలో ఒకరోజు లెక్కకి ఒక మాపు తగ్గింది. పేషెంటుని బల్ల మీదే ఉంచి ఎక్స్‌రే తీశారు. లోపల ఏమీ లేదు. పావుగంట వెతగ్గా, ఎవరి కాలికో తగిలి బకెట్టు వెనక్కి జరిగిపోయిన మాపు దొరికింది. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ టీలు తాగి ఆ సంగతి మరిచిపోయారు. ఆవిడ మాత్రం మరిచిపోలేకపోయింది.

అప్పట్నించి తలలో లెక్క ఆగలేదు. కూర్మన్నపాలెంలో తాముండే మూడో అంతస్తు మెట్లు రోజూ లెక్కపెట్టుకుంటూ దిగేది. గ్యాసు కట్టేశానో లేదోనని బస్సు స్టాపు దాకా వెళ్లి వెనక్కొచ్చేది. థియేటర్లో లెక్క సరిపోయిందని తన నోటితో చెప్పాక కూడా, డ్యూటీ దిగేముందు చెత్తసంచులు విప్పించి మళ్లీ చూసుకునేది. నిద్ర కరువైంది, ఆకలి పోయింది, వేళ్లు వణకడం మొదలైంది. భర్త తిరుమలరావు ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ వణుకు అతని కంట పడకుండా ఉండాలని, అతను తినిలేచాక వంటింట్లో నిలబడి నాలుగు మెతుకులు తినేది.

ఇది జబ్బేనని ఆవిడకి తెలుసు. దీనికి మందుందనీ తెలుసు. థియేటర్ నుంచి రెండంతస్తులు దిగితే ఓపీ వరసలో పదిహేడో నంబరు గది. మానసిక వైద్యం అక్కడే. డాక్టర్ పేరు సమీనా. పన్నెండేళ్ల కిందట ఆ అమ్మాయి పాతపట్నం నుంచి హౌస్ సర్జన్‌గా వచ్చినప్పుడు చేతులు కడుక్కోవడం దగ్గర్నించి నేర్పింది కుసుమకుమారే. ఒకసారి గ్లవ్స్ తొడుక్కుంటూ చేతులు వణికితే, "ఈ చేతుల్తోటేనా వైద్యం చేస్తావు" అని నలుగురిలో కడిగేసింది కూడా. ఇప్పుడా పిల్ల ముందు కూచుని నా చేతులు వణుకుతున్నాయని చెప్పడమా? తల కొట్టేసినట్టుండదూ!

అందుకని జూన్‌లో ఒక సెలవురోజు, చీర కొంగు తలమీదికి లాక్కుని, విజయనగరం బస్సెక్కింది. ఆనందపురం దాటేదాకా కిటికీ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు. అక్కడ ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర తన పేరు పైడితల్లి అని రాయించింది. ఏం పని చేస్తారంటే, ఇంట్లో బట్టలు కుడతానంది.

వరసలో కూచుని ఉండగా లోపల్నించి "అప్పారావుగారూ" అని పిలిచారు. ఎదురు బెంచీలోంచి లేచినవాడు అప్పారావు కాదు. చలమయ్య. తమ థియేటర్లోనే స్ట్రెచర్లు తోసే వార్డుబాయ్, యాభై దాటిన మనిషి. ఆమెని చూసి ఒక్క క్షణం ఆగి, తల దించుకుని లోపలికెళ్లిపోయాడు. కుసుమకుమారి కాళ్ల కింద నేలని చూస్తూ కూచుంది.

తిరుగు బస్సు కోసం ఇద్దరూ ఒకే స్టాపులో నిలబడాల్సొచ్చింది. ఏ బస్సూ రాలేదు. చివరికి చలమయ్యే నోరు విప్పాడు. కరోనా రోజుల్లో శవాలకి సంచులు చుట్టి చుట్టి తనకి మనసు చెదిరిందట. మూడేళ్లనించి ఇక్కడికే వస్తున్నాడట. మన ఆస్పత్రిలోనే చూపించుకోవచ్చు కదా, అని ఊరికే అడిగినట్టు అడిగిందావిడ.

"మనాస్పత్రిలోనా? సాయంత్రానికి కేంటీనంతా తెలిసిపోద్ది సిస్టరమ్మా. దేవి సిస్టర్‌కి ఏటయ్యిందో సూసేం గదా," అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ.

ఇంక చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో కొన్నేళ్ల కిందట దేవి పేరుతో ఇద్దరు నర్సులుండేవారు. వాళ్లలో ఒకామె కాన్పయ్యాక దిగులు పట్టుకుని పదిహేడో నంబరు గదికి వెళ్తుండేది. ఒకసారి డ్యూటీ చీటీ రాస్తూ ఎవరో ఏ దేవి అనడిగితే, "పదిహేడో నంబరు దేవి" అంది కుసుమకుమారి. అందరూ నవ్వారు. ఆ పేరు అలాగే ఉండిపోయింది. మూడు నెలలు తిరక్కుండా దేవి బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. కుసుమకుమారి దాన్ని తన తప్పుగా ఏనాడూ అనుకోలేదు. అందరూ అన్నారు, తనూ అంది, అనుకునేది. మొదట అన్నది ఎవరో చలమయ్యకి తెలుసు. ఆరోజు డ్యూటీ చీటీ పట్టుకుని నిలబడ్డవాడు అతనే.

డాక్టరిచ్చిన మాత్రలు కుసుమకుమారి ఆ రాత్రే మొదలుపెట్టింది. మొదటి రెండు వారాలు మత్తుగా ఉంటుంది, మిషను మీద కూచోకు తల్లీ, అని ఆయన చెప్పాడు. కుట్టుమిషనే లేదు కాబట్టి సరేనని తల ఊపింది. థియేటర్‌కి మామూలుగానే వెళ్లింది. తలలో రొద కాస్త తగ్గింది. తగ్గుతున్నకొద్దీ కళ్ల ముందు పల్చటి పొర ఏదో కమ్మినట్టుండేది.

తొమ్మిదోరోజు పొద్దున్న ఒకామెకి గర్భసంచి ఆపరేషన్. పని పూర్తయింది. సర్జన్ లెక్క అడిగాడు. "సరిపోయాయి సార్" అంది కుసుమకుమారి. ఆయన సూది చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు తెలిసిందావిడకి, తను లెక్కపెట్టలేదు. పందొమ్మిదేళ్ల అలవాటు మీద నోరు ఆ మాట అనేసింది, అంతే.

"ఆగండి సార్. మళ్లీ చూస్తాను."

లెక్కపెడితే ఒకటి తగ్గింది. సర్జన్ లోపల చెయ్యిపెట్టి, పేగుల వెనక నక్కిన మాపుని తీసి పళ్లెంలో వేశాడు. అప్పుడాయన మాస్కు వెనక నవ్వి, మీరున్నంతకాలం నాకు భయం లేదు సిస్టర్ అన్నాడు. మత్తు డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. గోడవార నిలబడ్డ చలమయ్య మాత్రం ఆమె మొహంకేసి చూశాడు.

తిట్టినా బాగుండేది. ఆ మెప్పుకి కుసుమకుమారి ఒళ్లంతా కంపరమెత్తింది. బట్టలు మార్చుకునే గదిలో కుర్చీ మీద కూలబడి, బల్ల మీదున్న ఆ తల్లికి ఎంతమంది పిల్లలో అనుకుంది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, యూనిఫాంలోనే రెండంతస్తులు దిగింది.

ఓపీ చీటీల కౌంటర్లో కుర్రాడు లేచి నిలబడ్డాడు. "చెప్పండి సిస్టర్, పేషెంట్ పేరేటి?"

"కుసుమకుమారి."

"మీ పేరు కాదు మేడమ్, పేషెంట్ పేరు."

"నాకే బాబూ. పదిహేడో నంబరుకి రాయి."

ఆ కుర్రాడు ఆమె వైపు చూడకుండా చీటీ రాసిచ్చాడు. వెనక వరసలో ఎవరో గుసగుసలాడినట్టనిపించింది. నిజంగా అన్నారో, తనకే అలా వినిపించిందో ఆవిడకి తెలీదు. బెంచీ మీద కూచున్న ముప్పావుగంటా, ఎదురుగా తెలిసిన మొహం కనిపించినప్పుడల్లా చీటీని అరచేతిలో నలిపేస్తూ ఉంది. పేరు పిలిచేసరికి అది తడిసి ముద్దయింది.

సమీనా లేచి నిలబడి, సిస్టర్ మీరా, చెప్పి పంపితే నేనే పైకొచ్చేదాన్ని కదా, అంది. మాట పూర్తయ్యేలోపే ఆమె చేతిలో చీటీ కనిపించింది. తలుపు వేసి, ఎదురు కుర్చీలో కాకుండా పక్క కుర్చీలో కూచుంది.

కుసుమకుమారికి ఆమెని ఏమని పిలవాలో తోచలేదు. పన్నెండేళ్ల కిందట "అమ్మాయ్" అనేది. "మేడమ్," అంది ఇవాళ, నేలకేసి చూస్తూ.

సమీనా తొందరపెట్టలేదు. ముందు ఒక్క మాట చెబుతానంది. "మీ దగ్గర పని నేర్చుకున్నదాన్ని. నా ముందు అన్నీ చెప్పుకోవడం మీకు కష్టం కావచ్చు. అందులో తప్పేం లేదు. కావాలంటే వేరే డాక్టరుకి నేనే ఫోన్ చేసి, మీరు వెళ్లే ఏర్పాటు చేస్తాను. ఇక్కడే చూపించుకుంటానంటే చూస్తాను."

"వేరేచోటికి వెళ్లొచ్చాను," అంది కుసుమకుమారి. "అబద్ధం పేరు చెప్పి, అబద్ధం పని చెప్పి మందులు తెచ్చుకున్నాను. ఇవాళ ఒక మనిషిని చంపబోయాను."

ఇంక అక్కడ్నించి ఆపలేకపోయింది. లెక్కల సంగతి, మెట్ల సంగతి, మాత్రలు, పొద్దుటి మాపు, సర్జన్ మెప్పు, అన్నీ చెప్పింది. చివరికి దేవి సంగతి కూడా చెప్పింది. ఆ పేరు పెట్టింది నేనే మేడమ్ అని, కొంగుతో మొహం కప్పుకుంది.

సమీనా కలం కింద పెట్టింది. "ఈ గదికి వచ్చినవాళ్ల గురించి నేను ఇంకొకరితో మాట్లాడను. అందుకని దేవిగారి గురించి మీతో మాట్లాడను. మీ గురించీ ఇంకెవరితోనూ మాట్లాడను," అంది. ఆ మాట మెత్తగానే అంది. కానీ కుసుమకుమారికి చెంపమీద కొట్టినట్టే తగిలింది. ఓదార్పు దొరుకుతుందనుకుందేమో, దొరకలేదు.

తర్వాత పని మాటలు నడిచాయి. మందు మార్చాలి. కొన్నాళ్లు థియేటర్లోకి వెళ్లకూడదు. పై అధికారికి కాగితం రాయాలి. నడుంనొప్పి అని రాయమని బతిమాలింది కుసుమకుమారి. సమీనా ఒప్పుకోలేదు. అబద్ధం రాయనంది. వైద్య కారణాలు అని మాత్రం రాస్తానని, ఆ జబ్బు పేరు వాళ్లకి అక్కర్లేదని చెప్పింది.

సాయంత్రానికి కేంటీన్లో తెలిసిపోయింది. సమీనా చెప్పలేదు, కౌంటర్ దగ్గర వరస చెప్పింది. మర్నాడు కుసుమకుమారిని పిల్లల టీకాల గదికి మార్చారు. పై అంతస్తు నర్సులు ఇదివరకంత చనువుగా మాట్లాడలేదు. ఎవరైనా నవ్వితే తన గురించేననిపించేది. కొన్నిసార్లు అది నిజమే.

ఇంట్లో చెప్పడానికి రెండురోజులు పట్టింది. తిరుమలరావు అంతా విని, ముందడిగింది ఒకటే.

"నిన్ను ఎవులైనా సూసీసేరేటి?"

"అందరూ చూశారు."

అతను చొక్కా తగిలించుకుని బయటికెళ్లిపోయాడు. గంటకి తిరిగొచ్చి, రేపట్నించి గ్యాసు నాను సూసుకుంటాను, నువ్వు బస్సెక్కీ, అన్నాడు.

ఆగస్టులో ఒకనాడు, ధైర్యం కూడగట్టుకుని దేవికి ఫోన్ చేసింది. దేవి అంతా విన్నది. క్షమించానని గానీ, లేదని గానీ అనలేదు. "ఆ మాట నా అత్తోరింటి దాకా వెళ్లింది అక్కా," అంది. తర్వాత, పిల్లకి స్కూలు వేళయిందని పెట్టేసింది. కుసుమకుమారి మళ్లీ చెయ్యలేదు. చెయ్యడం తన మనసు తేలిక చేసుకోవడానికేనని అర్థమైంది.

మందులు పనిచేశాయి. నెమ్మదిగా ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది. వేళ్ల వణుకు తగ్గింది. చంటిపిల్ల తొడకి సూది వేసేటప్పుడు ఇప్పుడు చెయ్యి నిలుస్తోంది. థియేటర్‌కి ఎప్పుడు వెళ్లాలన్నది సమీనా ఇంకా తేల్చలేదు, ఈవిడా అడగలేదు. సిగ్గు మాత్రం మందుకి లొంగలేదు. గురువారం గురువారం ఆ బెంచీ మీద కూచున్నప్పుడల్లా మెడ దానంతటదే వంగేది.

తిరుమలరావు ప్రతి గురువారం బండి మీద దింపి, గేటు బయట టీకొట్టు దగ్గరే ఉండిపోయేవాడు. అక్టోబరులో ఒక గురువారం ఏమనుకున్నాడో, లోపలికొచ్చాడు. బెంచీ చివర ఒదిగి కూచుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పక్కనున్న ముసలాయన అతన్ని పలకరించి, మీకేనా బాబూ అనడిగాడు.

తిరుమలరావు చెవులు ఎర్రబడ్డాయి. కుసుమకుమారి తల దించుకుంది.

"కాదండి," అన్నాడతను కొంచెం ఆగి. "మా ఆవిడకి."